వంశావళి: శాసనం చెప్పేది, ఇంటిపేరు చెప్పనిది

షోళింగనల్లూరు నుండి మా తరగతికి వచ్చే విద్యార్థిని ఒకరు ఈ మధ్య అడిగింది: “మాది చాళుక్యుల వంశమని తాత చెప్పేవారు సార్. రుజువు చేయడం ఎలా?” ప్రశ్న చిన్నదే. జవాబుకు మాత్రం వంశావళుల స్వభావం కొంత తెలియాలి.

ఈ కోరిక మనకే పరిమితం కాదు. ఐరోపాలో వంశచరిత్రలు వెదికేవారు చాలామంది ఫ్రాంకుల రాజు షార్లమేన్ (మరణం 814) దాకా వెళ్లాలని చూస్తారు. ఆ ఫ్రాంకులేమో తమ మూలాన్ని ట్రాయ్ నగరానికి ముడిపెట్టుకున్నారు. 7వ శతాబ్దికి చెందిన ఫ్రెడెగార్ వృత్తాంతంలోనే ఈ కథ ఉంది. అంటే వంశావళిలో చరిత్ర ఒక పాలు, కోరుకున్న గతం ఒక పాలు.

మన తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలోనూ ఈ రెండూ ఉన్నాయి. కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏండ్లు, ఆయన కొడుకు జయసింహుడు 33 ఏండ్లు అంటూ పాలనాకాలాలు చెప్పే భాగం చరిత్రకు ఆధారం. ఒక శాసనాన్ని మరొకదానితో సరిచూడవచ్చు. విమలాదిత్యుని రణస్తిపూండి శాసనంలో దీనికి ముందు బ్రహ్మ, చంద్రుడు, అయోధ్యనేలిన 59 మంది చక్రవర్తులు వచ్చి చేరారు. విమలాదిత్యుడు రాజరాజచోళుని అల్లుడు. చోళులు సూర్యవంశీయులమని చెప్పుకొనేవారు. వియ్యానికి తగిన చంద్రవంశం అవసరమయిందని ఊహించవచ్చు. ఆయన కుమారుడు, నన్నయ భారతం రాయించిన రాజరాజనరేంద్రుడు, మళ్లీ చోళులకే అల్లుడయ్యాడు. ఆయన కొడుకు కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనమే ఎక్కాడు.

అక్కడి నుండి నేటి కుటుంబం దాకా గొలుసు కలవాలంటే ప్రతి తరానికీ ఆ కాలపు పత్రం ఒకటి కావాలి. ఇంటిపేరు చాలదు. మన ఇంటిపేర్లలో చాలా వరకు గ్రామనామాలు. అవి పూర్వులుండిన ఊరిని సూచిస్తాయే గాని రక్తసంబంధాన్ని కాదు. గోత్రమూ అంతే. ఒకే గోత్రం వేర్వేరు కులాలలో కనిపిస్తుంది.

లెక్క కూడా చూడండి. తరానికి 25 ఏండ్ల చొప్పున 1000 ఏండ్లకు 40 తరాలు. తరతరానికీ రెట్టింపయితే 40వ తరంలో పూర్వీకుల స్థానాలు లక్ష కోట్లు దాటుతాయి. అంతమంది మనుషులు భూమిపై ఎన్నడూ లేరు. కాబట్టి ఒకే వ్యక్తి ఎన్నో స్థానాలలో వస్తాడు. మేనరికాలున్న మన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. వారిలో ఒక రాజు ఉండవచ్చు. ఉండవచ్చుననడం రుజువు కాదు.

ఆ అమ్మాయిని నేనొక ప్రశ్న అడిగాను: “మీ అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరేమిటి?” తెలియదంది. అసలు నష్టం ఇక్కడ ఉంది. తమిళనాట బడిలో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియల్. ఇంటిపేరు కాగితం మీదికి రాదు. రెండు మూడు తరాలలో నోటి నుండి కూడా జారిపోతుంది.

అందుచేత వెదుకులాట ఈ చివర నుండి మొదలుపెట్టండి. పెద్దలను అడిగి ఇంటిపేర్లు, ఊళ్లు, ముఖ్యంగా ఆడవారి పుట్టిళ్లు రాసుకోండి. ఇంట్లో ఉన్న దస్తావేజులు చదవండి. ఆపైన ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ పురాలేఖాగారంలో ఇనాము రికార్డులు, ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో మెకంజీ సేకరించిన కైఫియత్తులు ఉన్నాయి. చాళుక్యుల దాకా చేరకపోవచ్చు. అమ్మమ్మ ఊరిదాకా చేరినా, అది మీరు రుజువుతో చెప్పగలిగిన మాట అవుతుంది.