కుక్కల మధ్య వైరం: కారణాలు, నివారణ

పొలం కాపలాకు, గొర్రెల మందల రక్షణకు పెంచే కుక్కలలో కొన్ని ఇతర కుక్కలను చూడగానే మీదపడి కరుస్తాయి. దీనిని దుష్టస్వభావంగా భావించి కొట్టడం, మరింత బిగించి కట్టివేయడం పరిపాటి. వాస్తవానికి ఈ వైరానికి చాలా సందర్భాలలో మూలం భయం, పెంపకంలోని లోపం, మనుషులు కల్పించిన పరిస్థితులు. కుక్కల కాట్లాటను విడదీయబోయిన వారు కాటుకు గురికావడం, టీకా వేయని కుక్కల ద్వారా రేబిస్ వ్యాధి మనుషులకు, పశువులకు సోకడం వంటి ప్రమాదాలున్నందున ఈ విషయాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు శ్రద్ధగా గ్రహించవలసి ఉంది.

కుక్కపిల్ల స్వభావం రూపుదిద్దుకోవడంలో 3వ వారం నుండి సుమారు 12వ వారం వరకు గల దశ అత్యంత కీలకం. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో 5 జాతుల కుక్కలపై జరిపిన దీర్ఘకాల పరిశోధనల ఫలితాలను స్కాట్, ఫుల్లర్ 1965లో గ్రంథరూపంలో ప్రకటించి, ఈ దశ ప్రాధాన్యాన్ని వివరించారు. ఈ వయసులో పిల్లలు తోబుట్టువులతో ఆడుకుంటూ కాటు తీవ్రతను అదుపు చేసుకోవడం నేర్చుకుంటాయి. ఒక పిల్ల గట్టిగా కరిస్తే రెండవది కీచుమని అరచి ఆట మానివేస్తుంది. 4, 5 వారాలకే తల్లి నుండి వేరుచేసి ఒంటరిగా కట్టివేసిన పిల్లకు ఈ శిక్షణ లభించదు. పెద్దదైన పిమ్మట అపరిచితమైన ప్రతి కుక్కా దానికి ముప్పుగానే తోస్తుంది.

వంశపారంపర్య ప్రభావమూ లేకపోలేదు. పై పరిశోధనలలో ఫాక్స్ టెర్రియర్ పిల్లలు చిన్న వయసులోనే తమలో ఒకదానిపై మూకుమ్మడిగా దాడికి దిగగా, బీగల్ పిల్లలు సాధారణంగా శాంతంగా మెలిగాయి. అయితే ఒకే జాతిలోని కుక్కల మధ్య కూడా గణనీయమైన భేదం ఉంటుంది కనుక జాతిని మాత్రమే చూసి స్వభావాన్ని నిర్ణయించడం సరికాదు.

పరిస్థితుల ప్రభావం మరింత స్పష్టం. ఆహారం, నివాస స్థలం, ఎదకు వచ్చిన ఆడకుక్క, పాలు తాగే పిల్లలు తగవులకు ప్రధాన కారణాలు. గాయాలు, కీళ్ళనొప్పులు, చెవిపోటు ఉన్న కుక్క తాకిడిని సహించదు. స్వేచ్ఛగా ఉన్న కుక్కలు పక్కవాటుగా సమీపించి, వాసన చూసి, ఇష్టం లేకపోతే తొలగిపోతాయి. గొలుసుతో కట్టిన కుక్కకు తొలగిపోయే వీలుండదు. అది ఎగబడి మొరగగానే ఎదుటి కుక్క వెళ్ళిపోతే, దాడి ఫలించిందని గ్రహించి అదే ప్రవర్తనను అలవరచుకుంటుంది.

మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మడం ప్రమాదకరం. శరీరం బిగుసుకోవడం, చూపు నిలపడం, గుర్రుమనడం కాటుకు ముందు వెలువడే హెచ్చరికలు. గుర్రుమన్నందుకు దండిస్తే భయం తొలగదు. హెచ్చరిక మాత్రమే అణగి, కుక్క ముందస్తు సూచన లేకుండానే కరవడానికి దారితీస్తుంది.

నివారణకు ఈ క్రింది చర్యలు అనుసరణీయం. పిల్లలను 8 వారాల వరకు తల్లి వద్దనే ఉంచాలి. తరువాత టీకాలు వేసిన శాంతమైన కుక్కలతో పరిచయం చేయాలి. ఒకటికి మించి కుక్కలున్నప్పుడు ఆహారాన్ని వేర్వేరు చోట్ల పెట్టాలి. వైరం గల కుక్కలను దగ్గరకు ఈడ్వక, కలవరపడనంత దూరం నుండి ఆహారం చూపుతూ క్రమంగా అలవాటు చేయాలి. శస్త్రచికిత్స ద్వారా సంతాన నిరోధం మగకుక్కల సంచారాన్ని, ఆడకుక్కల కోసం జరిగే పోరాటాలను తగ్గిస్తుంది. భయమూలకమైన వైరాన్ని మాత్రం తొలగించదు. జంతు జనన నియంత్రణ నియమాలు, 2023 ప్రకారం వీధికుక్కలను శస్త్రచికిత్స, టీకా అనంతరం పట్టుకున్న చోటనే విడువవలసి ఉండడం గమనార్హం. కొత్త ప్రాంతంలో వదిలిన కుక్క అక్కడి గుంపుతో ఘర్షణ పడుతుంది.

శాంతంగా ఉండే కుక్క అకస్మాత్తుగా దాడికి దిగితే రేబిస్‌ను అనుమానించి, దానికి దూరంగా ఉంటూ పశువైద్యునికి తెలియజేయాలి. కాటు పడినవారు గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే వైద్యుని సంప్రదించాలి.

కుక్క కరిచిందని రైతు తెలిపినప్పుడు దాని జాతిని అడగడంతో ఆగక, అది ఎప్పుడు, దేని సమీపంలో, ఏ స్థితిలో దాడి చేసిందో తెలుసుకోవడం అవసరం. పరిష్కారానికి ఆధారం సాధారణంగా ఆ సమాధానాలలోనే లభిస్తుంది.