గూటికి చేరు యంత్రము

సాయంకాలము కాగానే పక్షి గూటికి చేరును. ఇల్లు ఊడ్చు రోబో యంత్రము కూడ అట్లే, బ్యాటరీలోని శక్తి తగ్గగానే పని నిలిపి, గోడవారగా నున్న తన చార్జింగు పీఠమును వెదకుకొనుచు పోవును. పీఠము చేరకముందే శక్తి ఖర్చయినచో, ఏ మంచము క్రిందనో కదలక పడియుండును. మరి అది దారి నెట్లు కనుగొనుచున్నది?

చక్రములు ఎన్ని చుట్లు తిరిగినవో లెక్కించి, వచ్చిన దారినే మరలిపోరాదా అని అడుగవచ్చును. కాని నున్నని నేలపైనను, తివాచీపైనను చక్రములు కొంత జారును. దిశలో 1 డిగ్రీ తేడా వచ్చినచో, 5 మీటర్లు నడచునప్పటికి యంత్రము దాదాపు 9 సెంటీమీటర్లు ప్రక్కకు తొలగును. పీఠముపై గల చిన్న లోహపు పలకలను తాకుటకు ఇంత తేడా పనికిరాదు. కావున గూడే దారి చూపవలెను.

ఈ ఉపాయము క్రొత్తది కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరములో గ్రే వాల్టర్ అను శాస్త్రజ్ఞుడు 1948-49 సంవత్సరములలో ఎల్మర్, ఎల్సీ అను రెండు యంత్రపు తాబేళ్లను నిర్మించెను. వాని గూటిలో దీపము వెలుగుచుండెడిది. బ్యాటరీ నిండుగా నున్నపుడు తాబేలు తీక్షణమైన వెలుగునుండి తప్పుకొనిపోయెడిది. శక్తి సన్నగిల్లినపుడు ఆ వెలుగువైపే సాగి గూటిలో ప్రవేశించెడిది.

అమెరికాలో 2002లో విక్రయమునకు వచ్చిన రూంబా యంత్రపు తరువాతి నమూనాలలోను దీపమే దారి చూపును. అయితే ఆ వెలుగు మన కంటికి కనబడని పరారుణ కాంతి. పీఠమునుండి రెండు కిరణపుంజములు బయలుదేరును. ఒకటి కుడివైపునకు, రెండవది ఎడమవైపునకు విస్తరించును. నడుమ రెండును కొంత కలియును. సూర్యరశ్మిలో కూడ పరారుణ కాంతి కలదు గనుక, పొరపాటు కలుగకుండ ఒక్కొక్క పుంజము తన ప్రత్యేక సంకేతము ననుసరించి అతివేగముగా వెలిగి ఆరుచుండును.

ఒక్క సంకేతమే అందినచో, తాను ఒక ప్రక్కన నున్నట్లు గ్రహించి యంత్రము రెండవ ప్రక్కకు తిరుగును. రెండును అందినచో తిన్నగా పోవును. ఇట్లు దిద్దుకొనుచు, మెల్లగా పీఠమును చేరును. తానెక్కడ నున్నదో దానికి తెలియనక్కరలేదు; రెండు సంకేతములను పోల్చుకొనిన చాలును.

పొగమంచులో విమానమును రన్‌వేకు చేర్చు ఏర్పాటులోను ఇదే సూత్రము కలదు. రేడియో తరంగములపై వచ్చు 90, 150 హెర్ట్జుల సంకేతములు రెండును సమముగా నున్నచో, విమానము నడిమిరేఖపై నున్నదని అర్థము.

కొన్ని నూతన యంత్రములు లేసరు కిరణముతో ఇంటి పటమును గీసికొని, పీఠమున్న చోటును గుర్తుంచుకొనును. పటము వానిని పీఠము చెంతకు చేర్చును. చివరి అడుగులలో మాత్రము పీఠపు సంకేతమునో ఆకారమునో చూచి సరిదిద్దుకొనును.

ఈ కాంతిని తరగతిలోనే చూపవచ్చును. టెలివిజన్ రిమోటు కొనను ఫోను కెమేరా ఎదుట పట్టి మీట నొక్కవలెను. కంటికి చీకటిగా నున్న చోట తెరపై చిన్న వెలుగు మినుకుమినుకుమనును. కొన్ని కెమేరాలు ఈ కాంతిని వడగట్టును. అట్టిచో ఫోను ముందువైపు కెమేరాతో ప్రయత్నింపవలెను.