మామునూరు విమానాల మోతకు హద్దెంత?

మామునూరులో మళ్ళీ విమానాలు దిగనున్నాయి. నిజాం హయాంలో 1930లో వెలసి, 1981లో మూతబడిన ఈ విమానాశ్రయం పునరుద్ధరణకు కేంద్రం 2025 ఫిబ్రవరి 28న అనుమతి ఇచ్చింది. విమానం ఎక్కాలంటే హైదరాబాదు దాకా పోయే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాసులకు ఇది సంతోషమే. అయితే విమానాశ్రయం అంచున నక్కలపల్లి, గాడిపల్లి, గుంటూరుపల్లి వంటి ఊళ్ళున్నాయి. అదనంగా కావలసిన 253 ఎకరాల మాట, ఎకరం ధర మాట అక్కడ చాలా నడిచింది. నెత్తిమీద మోత మాట కూడా నడవాలి.

మోత చెవికే చేటని మనవాళ్ళ తలపు. అంతకంటె ముందు చెడేది నిద్ర. ఏళ్ళ తరబడి నిద్ర చెడితే రక్తపోటు, గుండెజబ్బుల దాకా పోతుంది. పిల్లల చదువు సంగతి మరీ చిత్రం. 1992లో జర్మనీలోని మ్యూనిక్‌లో పాత విమానాశ్రయం మూసి, మరోచోట కొత్తది తెరిచారు. శాస్త్రజ్ఞులు రెండుచోట్లా పిల్లలను పరీక్షించారు. కొత్తది వచ్చినచోట పిల్లల చదివే శక్తి, జ్ఞాపకం తగ్గాయి. పాతది మూసినచోట పుంజుకున్నాయి.

ఇవన్నీ చూచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో హద్దు చెప్పింది. విమానాల మోత ఏడాది సగటున రాత్రివేళ 40 డెసిబెల్లు మించరాదు. రోజు మొత్తానికి, సాయంత్రం, రాత్రి మోతను ఎక్కువ చేసి లెక్కకట్టినా 45 మించరాదు.

అదే 2018లో మన కేంద్ర పర్యావరణ శాఖ కూడా విమానాశ్రయాలకు హద్దు పెట్టింది. ఏడాదికి 50 వేల రాకపోకలు దాటినవాటికి పగలు 70, రాత్రి 65. తక్కినవాటికి పగలు 65, రాత్రి 60. మామూలు నివాస ప్రాంతాలకు మన దేశపు హద్దు పగలు 55, రాత్రి 45 మాత్రమే! డెసిబెల్లు కిలోల లెక్క కాదు. 40కి 60కి తేడా 20 అనిపిస్తుంది గాని, ధ్వనిశక్తి నూరింతలు.

మరో చిక్కు. ప్రతిపాదనలో ఉన్న విమానాశ్రయాలను ఈ పట్టిక నుంచి మినహాయించారు. కనుక మామునూరుకు ఏ హద్దు అన్నది ముందే అడగవలసిన మాట.

రోజుకు నాలుగైదు విమానాలే వస్తే సగటు తక్కువే ఉండవచ్చు. కాని రాత్రి రెండు గంటలకు వచ్చిన ఒక్క విమానం సగటును చూచి లేపదు. రాత్రి విమానాలు ఉంటాయా, ఎన్ని గంటల వరకు అన్నది అసలు ప్రశ్న. రన్‌వేకు సూటిగా ఉన్న దిక్కున కొత్త బడి, ఆసుపత్రి కట్టకుండా చూడాలి.

విమానం లేని ఈ రోజుల్లోనే ఆ ఊళ్ళలో రాత్రి శబ్దం కొలిచి కాగితం మీద పెడితే, రేపు పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలికి ఇది పెద్ద ఖర్చు కాదు. ఒక మీటరు, ఒక మనిషి, కొన్ని రాత్రులు.