ఇన్వర్టర్‌లో ఉన్న యాసిడ్ గురించి నాలుగు మాటలు

ఈసారి సల్ఫ్యూరిక్ యాసిడ్ గురించి చెప్పుకుందాం. "అదంతా లేబొరేటరీ గొడవ, మనకెందుకమ్మా" అనుకోకండి. ఊళ్ళో అమ్మావాళ్ళింట్లో ఇన్వర్టర్ ఉందా? దాని బ్యాటరీలో ఉన్నది ఈ యాసిడే. ఇక్కడ మన కారు బ్యాటరీలో కూడా.

స్కూల్లో దీన్ని గంధకామ్లం అని చదువుకున్నాం. గాఢంగా ఉన్నప్పుడు రంగుండదు, వాసనుండదు, నూనెలా చిక్కగా ఉంటుంది. లీటరు నీళ్ళు కిలో తూగితే ఇది సుమారు 1.84 కిలోలు తూగుతుంది. దీనికి నీళ్ళంటే మహా దాహం. పంచదార మీద పోస్తే అందులోని నీటినంతా లాగేసి నల్లటి బొగ్గు మిగులుస్తుంది. చర్మం మీద పడ్డా అదే పని చేస్తుంది, పైగా అక్కడ పుట్టే వేడి కూడా కాలుస్తుంది.

అలాగని దీన్ని ఉత్త శత్రువనుకోకూడదు. ప్రపంచంలో తయారయ్యే సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఎక్కువ భాగం ఎరువులకే పోతుంది. ఫాస్ఫేట్ రాయిని ఇది కరిగిస్తేనే సూపర్ ఫాస్ఫేట్, డీఏపీ వస్తాయి. మన నాన్నలు పొలానికి మోసిన డీఏపీ బస్తా వెనక ఉన్నదీ ఇదే.

ఇక ఇన్వర్టర్ సంగతి. బ్యాటరీలో దాదాపు మూడో వంతు యాసిడ్, మిగతాది నీళ్ళు. చార్జింగ్‌లో తగ్గేది నీళ్ళే, యాసిడ్ కాదు. అందుకే గుర్తు వరకు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్ళు వద్దు, యాసిడ్ అసలే వద్దు. పోసేటప్పుడు స్విచ్ ఆపి, కళ్ళద్దాలు, రబ్బరు గ్లోవ్స్ వేసుకోవాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, దానికి నిప్పు తగిలితే పేలుతుంది. అందుకని పూజ అలమర కింద బ్యాటరీ పెట్టిన ఇళ్ళుంటే వెంటనే మార్పించండి. దీపం, అగరొత్తి దగ్గర అది ఉండకూడదు. గాలి ఆడే చోట, పిల్లలకి అందకుండా ఉండాలి.

సింకు పైపులు శుభ్రం చేసే కొన్ని సీసాల్లో ఇది చాలా గాఢంగా ఉంటుంది. లేబుల్ చదవకుండా వాడకండి. బ్లీచ్‌తో కలిస్తే విషపు క్లోరిన్ గ్యాస్ వస్తుంది. యాసిడ్‌లోకి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. కాలేజీలో సైన్సు చదివే పిల్లలకి ఒక్క మాట చెప్పండి: నీళ్ళలోకే యాసిడ్, అదీ కొద్దికొద్దిగా.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే అమ్మాయిల మీద జరిగిన యాసిడ్ దాడిని మనమెవరం మరిచిపోలేదు. 2013లో సుప్రీంకోర్టు, కొనేవాళ్ళ గుర్తింపు కార్డు చూడకుండా, వివరాలు రిజిస్టర్‌లో రాయకుండా యాసిడ్ అమ్మకూడదనీ, 18 ఏళ్ళలోపు వాళ్ళకి అసలే ఇవ్వకూడదనీ చెప్పింది. బ్రిటన్‌లో 2018 నవంబరు నుంచి 15 శాతం కన్నా గాఢమైనది మామూలు జనం కొనాలంటే లైసెన్సు కావాలి.

పొరపాటున మీద పడితే? నర్సుగా చెప్తున్నా, మొదటి నిమిషాలే ముఖ్యం. తడిసిన బట్టలు, గాజులు, గొలుసులు వెంటనే తీసేయండి. కుళాయి కింద ధారగా నీళ్ళు, కనీసం 20 నిమిషాలు. కంట్లో పడితే ఆ కన్ను కిందివైపు ఉండేలా తల వంచి, రెప్పలు తెరిచి కడగండి. పసుపు, నెయ్యి, టూత్‌పేస్ట్, వంటసోడా ఏవీ రాయొద్దు. మింగితే వాంతి చేయించొద్దు. ఒకరు నీళ్ళు పోస్తుంటే ఇంకొకరు ఫోన్ చేయాలి: ఇక్కడ 999, మన ఊళ్ళో 108.

ఈ ఆదివారం అమ్మావాళ్ళకి వీడియో కాల్ చేసినప్పుడు, "నాన్నా, ఆ బ్యాటరీ ఎక్కడుందో ఓసారి చూపించు" అని అడగండి. అయిదు నిమిషాల పని.