గుంటూరు గ్రహణం - పసుపు రేఖ లెక్క
సూర్యునిలో హీలియం జాడ బయటపడిన చరిత్రలో గుంటూరుకు స్థానం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ ఇక్కడి నుంచి సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించి, అందులో ప్రకాశవంతమైన రేఖలను చూశారు. ఆ జ్వాలల పసుపు రేఖ సోడియం రేఖలతో సరిపోలడం లేదని అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ గమనించారు. కనుక హీలియంను గుంటూరులోనే కనుగొన్నారని ఒక్క వాక్యంలో తేల్చివేయడం సరికాదు.

ఈ రేఖల మధ్య తేడాను ఫోటాన్ శక్తిని బట్టి లెక్కించవచ్చు. ప్లాంక్ స్థిరాంకాన్ని కాంతి వేగంతో గుణించి, వచ్చిన ఫలాన్ని ఫోటాన్ శక్తితో భాగిస్తే తరంగదైర్ఘ్యం లభిస్తుంది. శక్తిని ఎలక్ట్రాన్ వోల్టులలోను, తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలోను తీసుకున్నప్పుడు ఆ గుణకార ఫలం 1239.84. శక్తిని జౌళ్లలో ఇచ్చి ఉంటే ముందుగా ఎలక్ట్రాన్ వోల్టులలోకి మార్చుకోవలసి ఉంటుంది.

హీలియం పసుపు రేఖకు చెందిన ఫోటాన్ శక్తి 2.110 ఎలక్ట్రాన్ వోల్టులు. 1239.84ను దీనితో భాగిస్తే 587.6 నానోమీటర్లు వస్తుంది. సోడియం జంట రేఖల సగటు శక్తి 2.104, తరంగదైర్ఘ్యం 589.3. తేడా 1.7 నానోమీటర్లు మాత్రమే. సౌలభ్యం కోసం రెండు శక్తులనూ 2.1గా కుదించి రాస్తే రెండింటికీ 590.4 వచ్చి, కొత్త మూలకం ఆనవాలే చెరిగిపోతుంది. వార్తల్లో దశాంశాలను కుదించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

కాంతి శక్తి విడివిడి పరిమాణాలుగా ఉంటుందని ఐన్‌స్టీన్ ప్రతిపాదించినది 1905లో. 1868 నాటి పరిశీలకులు శక్తిని కాక, వర్ణపటంలో రేఖ ఉన్న చోటునే చూశారు. భూమిపై హీలియంను రామ్సే 1895లో వేరుచేశారు.