జావాలో పలకలు

కాగితం మీద సిరాతో రాసినది మార్చాలంటే కొత్త కాగితం కావాలి. పలకైతే చెరిపి రాయవచ్చు. జావా కంప్యూటర్ భాషలో 'స్ట్రింగ్' కాగితం వంటిది. 'స్ట్రింగ్‌బఫర్', 2004లో వచ్చిన 'స్ట్రింగ్‌బిల్డర్' పలకల వంటివి.

పలకను తయారుచేసేది కన్‌స్ట్రక్టర్. ఏమీ చెప్పకపోతే 16 గుర్తులకు చోటు ఉంచుతుంది. సంఖ్య చెబితే అంత చోటు. మాట ఇస్తే దాని పొడవుకు 16 కలుపుతుంది. 'తెలుగు' అని ఇచ్చారనుకోండి. మనకు అక్షరాలు మూడే. గుణింతపు గుర్తులను విడిగా లెక్కించే జావాకు ఆరు. మొత్తం చోటు 22!

'చార్‌సీక్వెన్స్' అనే ఉమ్మడి ఇంటర్‌ఫేస్ వల్ల కాగితాన్నయినా, పలకనయినా పొడవెంతో ఒకే తీరున అడగవచ్చు.

మరి పలకల్లో తేడా ఏమిటి? ఒకే పలక మీద ఇద్దరు ఒకేసారి రాస్తే అక్షరాలు కలగాపులగమవుతాయి కదా! బఫర్ ఒకరి తరువాత ఒకరినే రానిస్తుంది. బిల్డర్‌కు ఆ కాపలా లేదు. అందుకే దానికి వేగం ఎక్కువ.