ఆర్విడ్ కార్ల్‌సన్ - డోపమైన్

మనము చేయి చాపవలెనన్నను, అడుగు వేయవలెనన్నను, మెదడునందలి నాడీకణముల మధ్య వార్తలు నడువవలెను. ఒక కణము చివరనుండి వెలువడిన రసాయనిక పదార్థము సన్నని సందును దాటి ప్రక్క కణమును చేరును. అట్టి వార్తాహరులలో డోపమైన్ ఒకటి. 1950 దశకము నడుమ వరకు దీనికి మెదడులో ప్రత్యేకమైన పని లేదనియు, నారడ్రినలిన్ తయారగునపుడు నడుమ ఏర్పడు పదార్థము మాత్రమే అనియు పెక్కుమంది తలచిరి. ఆ అభిప్రాయమును మార్చినవాడు స్వీడన్ దేశీయుడైన ఆర్విడ్ కార్ల్‌సన్.

కార్ల్‌సన్ 1923లో ఉప్సల నగరమున జన్మించెను. లుండ్ విశ్వవిద్యాలయమున 1951లో వైద్యపట్టము పొందెను. 1955లో అమెరికాకు వెళ్ళి, బెథెస్డాలో బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలలో కొన్ని నెలలు పనిచేసెను. అచట రెసర్పిన్ అను మందును పరీక్షించుచుండిరి. దీనికి మూలము మన దేశమున చిరకాలముగా వాడుకలోనున్న సర్పగంధ; దీనినే తెలుగున పాతాళగంధి అందురు. దాని వేరునుండి 1952లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు రెసర్పిన్‌ను వేరుచేసిరి. అది రక్తపుపోటును తగ్గించును, మానసిక రోగుల ఉద్రేకమును అణచును. అయితే కొందరు రోగులలో కండరములు బిగుసుకొని, చేతులు వణకుటయు కనిపించెను.

రెసర్పిన్ మెదడులోని సెరొటొనిన్ నిల్వలను హరించునని బ్రోడీ బృందము తెలిపెను. నారడ్రినలిన్ నిల్వలు కూడ తరుగునని తరువాత తెలిసెను. ఇన్ని తరిగినపుడు, జంతువు మందగించుట దేని లోపమువలన?

దీపము కొడిగట్టినపుడు చమురు తక్కువైనదో, వత్తి తరిగినదో తెలియవలెనన్న ఒక్కొక్కదానిని చేర్చి చూడవలెను. కార్ల్‌సన్ అట్లే చేసెను. కాని ఒక చిక్కు కలదు. నారడ్రినలిన్‌ను, సెరొటొనిన్‌ను రక్తములోనికి ఎక్కించినను అవి మెదడులోనికి చొరజాలవు. వాని ముడిపదార్థములు మాత్రము చొరగలవు. కావున 1957లో ఆయన, సహచరులు లిండ్‌క్విస్ట్, మాగ్నుసన్‌లతో కలసి, రెసర్పిన్ వలన కదలిక లేక పడియున్న కుందేళ్ళకు ఎల్-డోపాను ఎక్కించెను. కొద్దిసేపటిలో అవి లేచి తిరుగసాగెను! సెరొటొనిన్ ముడిపదార్థమున కిట్టి ఫలితము లేకపోయెను.

ఇక మెదడును పరీక్షింపగా, నారడ్రినలిన్ తిరిగి పెరుగలేదు, పెరిగినది డోపమైన్. మామూలు మెదడులోను అది కలదని 1958లో ప్రకటించిరి. అందు అధికభాగము శరీర చలనమును క్రమపరచు భాగమున నున్నదని 1959లో ఆయన శిష్యులు బెర్ట్లర్, రోసెన్‌గ్రెన్‌లు చూపిరి. రెసర్పిన్ వలన కలుగు బిగుపు, వణకు పార్కిన్‌సన్ వ్యాధి లక్షణములే గదా! ఆ వ్యాధికిని డోపమైన్ లోపమునకును సంబంధము కలదని కార్ల్‌సన్ ఊహించెను.

1960లో లండన్ సభయందు పేరెన్నికగన్న శాస్త్రజ్ఞులు ఈ వాదమును సందేహించిరి. అయినను ఆ సంవత్సరమే వియన్నాలో హార్నికీవిచ్ బృందము, పార్కిన్‌సన్ రోగుల మెదళ్ళలో డోపమైన్ మిక్కిలి తక్కువగా నున్నదని కనుగొనెను. 1961లో రోగులకు ఎల్-డోపా నిచ్చి చూచిరి. 1967లో అమెరికాలో కోట్జియాస్, మోతాదును మెల్లమెల్లగా పెంచుచు నోటిద్వారా ఇచ్చి, నిలకడైన ఫలితము సాధించెను. ఈ మందు వ్యాధిని నిర్మూలింపదు. ఏండ్ల తరబడి వాడినచో అనవసరపు కదలికలు కలుగవచ్చును. అయినను నేటికిని ఇదే ముఖ్యమైన చికిత్స.

మందునకును విషమునకును గల దూరము స్వల్పమని కార్ల్‌సన్ జీవితమే మరల చూపెను. మానసిక క్రుంగుబాటునకై ఆయన సహచరులతో రూపొందించిన జిమెలిడిన్, 1982లో విపణికి వచ్చెను. కొందరు రోగులకు తీవ్రమైన నాడీవ్యాధి కలుగుటచే 1983లో దానిని ఉపసంహరించిరి. కాని సెరొటొనిన్‌ను నాడీకణములు తిరిగి పీల్చుకొనకుండ ఆపవలెనను దాని మూలసూత్రము నిలిచెను. అదే సూత్రముపై తయారైన ఇతర మందులు నేడు విరివిగా వాడుకలో నున్నవి.

2000లో కార్ల్‌సన్‌కు, పాల్ గ్రీన్‌గార్డ్, ఎరిక్ కాండెల్‌లతోపాటు వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. 2018లో, తన 95వ ఏట, ఆయన కీర్తిశేషుడయ్యెను. ఒక మందు చేసిన కీడును "ఎందువలన?" అని ప్రశ్నించుటయే వేరొక వ్యాధికి మందు చూపినదని విద్యార్థులు గ్రహింపవలెను.